మిద్దె ఉరిస్తే అడిగేవాళ్లు

హోసూరు,
ముంగారు వానల ముందర



పోయిన ఉత్తరానికి మీరు రాసిన జవాబులన్నీ చదివాను. రాయకోట టమాటా ధర గురించి వాపోయిన అక్కకూ, బాగలూరు గులాబీ తోటల గురించి రాసిన అన్నకూ విడిగా రాస్తాను. ఈసారి మాత్రం ఉత్తరమంతా డెంకణికోట నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్నకే సరిపోయేలా ఉంది. ఆమె కొడుకు పోలండులో చదువుకుంటున్నాడు. వార్సా ఊరి అంచున ఉన్న విలానూఫ్ మహలు చూసి వచ్చి, అమ్మకు ఫొటోలు పంపి, "మన హోసూరు పక్క ఇట్లాంటి మహలు ఏదన్నా ఉందా? ఉంటే ఇప్పుడు దాంట్లో ఎవరుంటారు, ఏం జరుగుతుంది?" అని అడిగాడట. ఆమె ఆ ప్రశ్నను నా వైపు తిప్పారు.

పిల్లవాడు అడిగింది మంచి ప్రశ్న. అందులోనూ రెండో సగం మరీ మంచిది. మహలు ఎవరు కట్టించారో అందరూ చెబుతారు. ఇప్పుడు దాంట్లో ఎవరుంటారో చెప్పేవాళ్లు తక్కువ.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. హోసూరులో ఒక మహలు లేచింది. రాజులెవరూ కట్టించలేదు, కలెక్టరు కట్టించాడు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ సేలం జిల్లాకు కలెక్టరుగా ఉన్న బ్రెట్ దొర పని అది. అప్పట్లో మన ఊళ్లన్నీ సేలం జిల్లాలోనివే కదా. ధర్మపురి జిల్లా విడిపోయింది 1965లో, మన కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో. సేలం పోయినవాళ్లు బ్రెట్స్ రోడ్డు అనే పేరు చూసే ఉంటారు. ఆ బ్రెట్టే. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న హోసూరు చల్లదనం దొరలకు పట్టింది. పక్కనున్న తళిని "లిటిల్ ఇంగ్లండ్" అని వాళ్లు పిలుచుకున్నదీ ఈ చల్లదనం చూసే. ఆ చలిగాలిలో బ్రెట్ తన దేశపు కోటకు నకలు కట్టించి, కెనిల్‌వర్త్ కాజిల్ అని అదే పేరు పెట్టాడు.

ఎందుకు కట్టించాడు అంటే ఊళ్లో ఒక కథ ఉంది. పెళ్లాడవలసిన దొరసాని, కెనిల్‌వర్త్ లాంటి కోట ఉంటేనే ఈ దేశానికి వస్తానని పట్టుబట్టిందట. కథకు సాక్ష్యం అడగకండి. కథలు చెప్పే అవ్వాతాతలు ఉన్న ఊరికి ఆ మాత్రం హక్కు ఉంటుంది.

నన్ను పట్టుకున్నది కథ కాదు, అసలు కెనిల్‌వర్త్ చరిత్ర. అది ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో ఉంది. పన్నెండో శతాబ్దంలో మొదలైన కోట. పద్నాలుగో శతాబ్దంలో జాన్ ఆఫ్ గాంట్ అనే రాకుమారుడు అందులో పెద్ద సభాశాల కట్టించాడు. పదహారో శతాబ్దంలో రాబర్ట్ డడ్లీ అనే ప్రభువు, మొదటి ఎలిజబెత్ రాణి మెప్పు కోసం దాన్ని పెద్ద కిటికీల విలాసమందిరంగా మార్చాడు. 1575లో రాణి అక్కడ 19 రోజులు విడిది చేసింది. ఆ తర్వాతి శతాబ్దంలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. మళ్లీ ఎవరూ దాన్ని కోటగా వాడుకోకూడదని 1649-50లో గోడలు పడగొట్టారు. అంటే బ్రెట్ కాలానికే అసలు కెనిల్‌వర్త్ రెండు వందల ఏళ్లుగా పాడుపడి ఉంది. 1821లో వాల్టర్ స్కాట్ "కెనిల్‌వర్త్" పేరుతో నవల రాసేసరికి, ఆ మొండి గోడలకు కొత్తగా పేరు మోగింది. పాడుబడ్డ కోటను ఆదర్శంగా పెట్టుకుని మన దొర కాపురానికి ఇల్లు కట్టుకున్నాడన్నమాట.

ఇప్పుడు నకలు కూడా అసలు దారి పట్టింది. హోసూరు కాజిల్‌లో మిగిలింది కొద్దిపాటి శిథిలాలే. అయితే రెండు శిథిలాల నడుమ ఒక తేడా ఉంది, ఈ ఉత్తరం రాయించింది ఆ తేడాయే.

ఇంగ్లండు కెనిల్‌వర్త్‌ను 1937లో జాన్ సిడ్లీ అనే పెద్దమనిషి కొన్నాడు. ఆయన వ్యాపారం ఏమిటో తెలుసా? కార్ల తయారీ. 1958లో ఆ కుటుంబం కోటను కెనిల్‌వర్త్ ఊరికే ఇచ్చేసింది. 1984 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చూసుకుంటోంది. పడిపోయిన గోడల్ని పడిపోయినట్టే ఉంచి, ఇంకా పడిపోకుండా కాస్తున్నారు. ఎలిజబెత్ కాలపు తోటను మళ్లీ వేసి 2009లో తెరిచారు. టికెట్టు కొని జనం వెళ్తారు. పిల్లలు గడ్డిలో పరుగెత్తుతారు. అంటే శిథిలానికి కూడా ఒక వాడుక ఉండవచ్చు, దానికీ కాపలా, పద్దు, మేస్త్రీ అవసరం. మోటారు బండ్లు తయారుచేసే ఊరుగా హోసూరును దేశమంతా ఎరుగును కాబట్టి, సిడ్లీ కథ మన ఊరివాళ్లు గుర్తుపెట్టుకుంటే మంచిదే.

కట్టడాలు ఎట్లా చనిపోతాయో మన పక్క పల్లెల్లో మిద్దె ఇళ్లు ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అయినా సిమెంటు ఇళ్లల్లో పుట్టిన పిల్లలు ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి చెబుతాను.

పాతకాలపు కట్టుబడికి ప్రాణం దంగుసున్నం. కాల్చిన సున్నాన్ని తడిపి, ఇసుక కలిపి, గుండ్రటి గానుగలో ఎద్దులతో రాతిచక్రం తిప్పించి వెన్నలా నూరేవాళ్లు. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. సున్నపు గోడకు గాలి ఆడుతుంది. వానకు తడిసినా ఎండకు ఆరిపోతుంది. కంపెనీ కాలపు బంగళాలకు వేసిన మద్రాసు మిద్దెలో గోడ నుంచి గోడకు టేకు దూలాలు పరిచి, వాటిమీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, ఆపైన సున్నపు కంకర పోసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బ్యాట్లతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. ఆ దెబ్బలకు గచ్చు గట్టిపడి నీళ్లు దిగవు.

దిగనంతకాలం మిద్దెకు ఏ బెంగా లేదు. ఎక్కడో వెంట్రుకంత బీట పడుతుంది. వాననీళ్లు ఆ బీటలోంచి దూలం చివరకు చేరతాయి. దూలం చివర గోడలో ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు. తడిసిన కొయ్యకు చెదలు వస్తాయి. కాకి రెట్టలో రావి గింజ పడి బీటలో మొలుస్తుంది. మొదటి ఏడు రెండు వేళ్లతో పీకేయొచ్చు. అయిదో ఏటికి కొమ్మ కొట్టినా వేరు గోడ లోపల బతికే ఉంటుంది. పదో ఏడు ఒక దూలం జారుతుంది. ఒక్క చదరం కప్పు కూలిందంటే ఇక గోడల నెత్తిన వాన పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు కూలుతుందన్నదే మిగులుతుంది.

ఈ వరసలో ఏ మెట్టు దగ్గరైనా ఆపడానికి పెద్ద ఖర్చు లేదు. కావలసింది కింద పడుకునే మనిషి. మంచం మీద చుక్క పడగానే "మిద్దె ఉరుస్తోంది, ఎవరినన్నా ఎక్కించండి" అని అరిచే మనిషి. మహళ్ల చావుబతుకులు చాలావరకు ఆ అరుపు మీదే ఆధారపడి ఉన్నాయని నాకు అనిపిస్తుంది. కలెక్టరు కోటకు వచ్చిన చిక్కు కూడా ఇదే. కలెక్టరుకు బదిలీ ఉంటుంది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వారసుడు లేని ఇంటికి అరిచేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఇప్పుడు డెంకణికోట అబ్బాయికి అసలు జవాబు. రాజులుండిన, నిండుగా నిలబడిన, ఇప్పటికీ వాడుకలో ఉన్న మహలు చూడాలంటే చంద్రగిరి రాజమహల్‌కు పోవాలి. కృష్ణగిరి నుంచి కుప్పం, వి.కోట, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతే దారి పొడుగునా తెలుగే వినిపిస్తుంది. తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే. మనలో చాలామంది కొండకు పోతూ దాని పక్కనుంచే పోతారు, దిగరు. ఈసారి దిగండి.

చంద్రగిరికి విజయనగరంతో బంధం పాతది. 1485లో విజయనగర గద్దె ఎక్కిన సాళువ నరసింహరాయలు అంతకుముందు ఏలింది చంద్రగిరి నుంచే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని హంపి వదిలి పెనుకొండకు చేరింది. పదహారో శతాబ్దం చివర వెంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. కృష్ణగిరి పక్కనున్న మన బారామహల్ కోటలన్నీ ఆ రాజ్యపు నీడలోనివే కాబట్టి, చంద్రగిరి ఒకప్పుడు మనకూ రాజధానే. 1639లో మద్రాసు తీరంలో కొంత నేలను ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు దామెర్ల వెంకటాద్రి నాయకుడు కాగితం రాసి ఇచ్చాడు. ఆ కాగితం కథ కూడా ఈ రాజమహల్‌తో ముడిపెట్టి చంద్రగిరిలో చెప్పుకుంటారు.

కొండ అడుగున, కోటగోడల లోపల మూడంతస్తుల మహలు. దూరం నుంచి చూస్తే రెండు రకాల చేతులు కలిసి కట్టినట్టు ఉంటుంది. కింద నుంచి పైదాకా వరసలుగా కోసుగా లేచిన కమానులు, ఇవి దక్కను సుల్తానుల కట్టుబడి. నెత్తిన మాత్రం గుడి విమానంలా మెట్లు మెట్లుగా లేచే శిఖరాలు, ఇవి మనవి. తళ్లికోటలో సుల్తానుల చేతిలో ఓడిపోయినవాళ్లు వాళ్ల కమానునే తెచ్చి ఇంటికి పెట్టుకోవడమేమిటి అని కొందరికి అనిపించవచ్చు. అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం యుద్ధానికి ముందునుంచే ఉంది. హంపిలో కమలమహల్ చూడండి, కమానులూ ఉన్నాయి, శిఖరాలూ ఉన్నాయి. విజయనగరం వాళ్లు గుడి కట్టేటప్పుడు స్తంభం మీద దూలం పెట్టే పాత పద్ధతి వదల్లేదు. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం మేస్త్రీ ఎవరి దగ్గర నేర్చాడని అడగలేదు.

రాజమహల్ గురించి నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఒకటి. దాని కట్టుబడిలో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. కొయ్య లేకుండా మూడంతస్తులకు కప్పు వేయడం ఎట్లా? లావుపాటి రాతి కంబాలు దగ్గర దగ్గరగా నిలబెట్టి, వాటి నడుమ కమానులు తిప్పి, ఆ కమానుల మీద చిన్న చిన్న గుమ్మటాలుగా ఇటుకలు కూర్చారు. ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడే దాన్ని పడకుండా పట్టుకుంటుంది. బరువంతా కమాను వంపులో జారి కంబంలోకి, కంబంలోంచి నేలలోకి దిగుతుంది. అందుకే లోపల విశాలమైన ఖాళీ ఉండదు. ఎటు తిరిగినా ఒక కంబం ఎదురవుతుంది. దర్బారంటే సినిమాలో చూసిన హాలు ఊహించుకుని పోయినవాళ్లకు ఇది ఇరుకుగా తోస్తుంది. ఆ ఇరుకే దానికి నాలుగు వందల ఏళ్ల ఆయువు ఇచ్చింది. చెదలకు తినడానికి ఏమీ లేదు, నిప్పుకు అంటుకోవడానికి ఏమీ లేదు.

ఈ మాటకు హంపియే సాక్ష్యం. 1565 తర్వాత అక్కడ రాజుల సభామండపాలు తగలబడ్డాయి. వాటి మీద కొయ్య కట్టడం ఉండేది. ఇప్పుడు మనకు కనిపించేవి రాతి అరుగులు, స్తంభాలు నిలబెట్టిన గుంటలు మాత్రమే. ఇటుకా సున్నంతో గుమ్మటాలు వేసిన కమలమహల్, పదకొండు గదుల ఏనుగుల సాల నిలబడ్డాయి. ఆ నిప్పు తర్వాత వచ్చిన తరం కొయ్యలేని మహలు కట్టిందంటే, అనుభవం చెప్పిన పాఠం అందులో ఉండవచ్చని నా ఊహ.

రాజమహల్ ఇప్పుడు భారత పురావస్తు శాఖ మ్యూజియం. గండికోట, యాగంటి, గుడిమల్లం వంటి చోట్ల నుంచి తెచ్చిన రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు, కత్తులు, నాణేలు ఉన్నాయి. గుడిమల్లం శివలింగానికి నమూనా కూడా పెట్టారు. పక్కనే రెండంతస్తుల రాణీమహల్ ఉంది, అది చిన్నది, సాదా. పురావస్తు శాఖ చేతిలో ఉండటం వల్ల రాజమహల్‌కు దొరికిన మేలు ఏమిటంటే, బీట పడితే రాసుకునే గుమస్తా, సున్నంతోనే పూడ్చే మేస్త్రీ, లెక్క చూసే ఇంజనీరు ఉన్నారు. తెల్లారితే తలుపు తీసే మనిషి ఉన్నాడు.

లోటు కూడా చెప్పాలి. మ్యూజియం అయిన ఇంట్లో వంట వాసన ఉండదు. ఎక్కడ వండేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు, వేసవిలో ఏ గదికి గాలి వచ్చేది అన్నది విగ్రహాల వెనక మరుగున పడిపోతుంది. వెళ్లినప్పుడు విగ్రహాలు చూడటం అయ్యాక, ఒక్కసారి వెనక్కి తిరిగి ఇంటిని కూడా చూడండి. తల ఎత్తి గుమ్మటాలు చూడండి. గోడ మందం చూడండి. బయట మాడే ఎండలోంచి లోపలికి అడుగుపెట్టినప్పుడు ఒంటికి తెలిసే చల్లదనం, అది కూడా చూడాల్సిన వస్తువే.

మ్యూజియం ఒక్కటే దారి కాదు. తెలుగునాట మహళ్లకు రకరకాల కొత్త కాపురాలు దొరికాయి.

వనపర్తి సంస్థానాధీశుల మహలులో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజుగారి మేడలో పల్లెటూరి పిల్లలు డ్రాయింగు బోర్డులు పట్టుకుని తిరుగుతారు. నా లెక్కలో ఇంతకంటే గౌరవమైన వాడుక లేదు. ఇంజనీరింగు చదివే పిల్లవాడికి కమాను ఎట్లా నిలబడుతుందో చెప్పడానికి మాస్టారు పటం గీయనక్కర్లేదు, వేలు ఎత్తి చూపిస్తే చాలు. అయితే పాత కట్టడంలో బడి, ఆఫీసు పెట్టిన చోటల్లా ఒక ప్రమాదం ఉంటుంది. కరెంటు తీగెలకు గోడలు తొలుస్తారు. ఊడిన సున్నం మీద సిమెంటు పూస్తారు. సిమెంటు నీళ్లను బయటికి రానివ్వదు. గోడ లోపల చెమ్మ నిలిచి, పక్కనున్న మంచి సున్నాన్ని కూడా పొడి చేసి రాలుస్తుంది. వైద్యమే రోగమవుతుంది.

హైదరాబాదు ఫలక్‌నుమాది ఇంకో కథ. పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన మహలు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే తాళాలు పడి, దశాబ్దాలు అట్లాగే ఉండిపోయింది. రాకుమారి ఎస్రా పూనికతో ఏళ్ల తరబడి బాగుచేయించాక, 2010లో తాజ్ వాళ్ల హోటలుగా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల అక్కడే ఉంది. నేను చెప్పిన అరుపు లెక్కలో చూస్తే హోటలంత గట్టి కాపలా లేదు. ఒక రాత్రికి అంత డబ్బు పోసిన అతిథి నెత్తిన చుక్క పడితే, తెల్లారేదాకా ఆగడు కదా! కాకపోతే ఆ బల్ల దగ్గర మనకు ఆకు వెయ్యరు. కట్టడం బతికింది, తలుపు ఇరుకైంది.

మనకు దగ్గరలోని బెంగళూరు ప్యాలెస్ సంగతి మీకే ఎక్కువ తెలుసు. సెంట్రల్ కాలేజీ తొలి ప్రిన్సిపాల్ జాన్ గారెట్ 1862లో మొదలుపెట్టిన భవనం అది. తర్వాత మైసూరు రాజుల చేతికి వచ్చింది. బురుజులు, కంగోరాలు, గోడల నిండా తీగెలు, అదీ ఇంగ్లండు కోటల పోకడే. మన హోసూరు కాజిల్‌కు చుట్టరికం ఉన్న కట్టడం. దాని చుట్టూ ఉన్న మైదానంలో పెళ్లిళ్లు, పాటకచేరీలు, ఎగ్జిబిషన్లు. అక్కడి పెళ్లికి పోయి, భోజనానికి పట్టిన సమయం కంటే గేటు దాటడానికే ఎక్కువ పట్టినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆ మైదానం ఎవరిదన్న దావాలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచాయి. అయినా భవనానికి తలుపు తీసేవాళ్లు, టికెట్టు చించేవాళ్లు ఉన్నారు. ఒకే తరహా కోటలు, నడుమ నలభై కిలోమీటర్ల దారి. ఒకదానికి వారసులూ వాడుకా దొరికాయి, రెండోదానికి రెండూ దొరకలేదు.

డెంకణికోట అబ్బాయి చూసిన విలానూఫ్ దగ్గరికి వస్తాను. పోలండు రాజు మూడో యాన్ సోబియెస్కి పదిహేడో శతాబ్దం చివర కట్టించుకున్న విడిది అది. 1805లోనే స్టానిస్లావ్ కొస్ట్కా పొటోట్స్కి అనే ప్రభువు దాంట్లో కొంత భాగాన్ని జనం చూడటానికి తెరిచాడు. ఆ వాడుక ఇప్పటికీ ఉంది. అదే ఊళ్లో ఇంకో కట్టడం ఉంది, అబ్బాయి అది కూడా చూడాలి. వార్సా రాజకోటను 1944లో జర్మన్లు మందుపాతరలతో పేల్చేశారు. నేలమట్టం. 1971లో మళ్లీ కట్టాలని నిర్ణయించి, జనం ఇచ్చిన విరాళాలతో కట్టి, 1984లో తెరిచారు. లేని కోటను ఎట్లా కట్టారు? 1939లో బాంబులు పడుతున్నప్పుడే నేషనల్ మ్యూజియం అధిపతి స్టానిస్లావ్ లోరెంట్స్ తన మనుషులతో కోటలోంచి బొమ్మలు, తలుపులు, చెక్కడపు ముక్కలు దొరికినవి దొరికినట్టు మోయించి దాచాడు. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడు బెల్లోట్టో కిటికీకి కిటికీ లెక్కగా గీసిన వార్సా బొమ్మలు ఉన్నాయి. గుర్తులు మిగిలాయి కాబట్టి కోట మిగిలింది.

హోసూరు కాజిల్‌ను అట్లా తిరిగి కట్టాలని నేను అనను. దొర ఇంటికి అంత అవసరమూ లేదు. అది ఎట్లా ఉండేదో మన పిల్లలకు తెలిసేంత గుర్తు మాత్రం మిగలాలి.

మహలు వాడుక గురించి ఇంత రాశాక, మన తొరపల్లి మనిషిని తలవకపోతే ఉత్తరం పూర్తికాదు. హోసూరు పక్కనున్న తొరపల్లిలో మునసబు గారింట 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టారు. హోసూరు బడిలో చదివి, ఆపైన బెంగళూరు సెంట్రల్ కాలేజీకి పోయారు. ఇందాక చెప్పిన గారెట్ కాలేజీయే అది. 1948 జూన్‌లో ఆయన గవర్నర్ జనరల్ అయి ఢిల్లీలో 340 గదుల మహలులో కాలుపెట్టారు. వైస్రాయిల పడకగది ఆయనకు మరీ పెద్దదనిపించింది. అతిథుల కోసం ఉంచిన చిన్న గదుల్లోకి మారిపోయారు. తర్వాత వచ్చిన రాష్ట్రపతులు కూడా అక్కడే ఉంటూ వచ్చారు, వైస్రాయిల గదులు అతిథులకు పోయాయి. దేశంలో తిండిగింజలకు కరువుగా ఉన్న ఆ రోజుల్లో మహలు ఆవరణలో కొంత నేల దున్నించి గోధుమలు వేయించారు కూడా. మనిషికి సరిపోయినన్ని గదులు, మిగతాది పదిమందికి. మహలును వాడుకోవడం ఎట్లాగో ఇంత సూటిగా చేసి చూపినవాళ్లు తక్కువ.

ఆయన పుట్టిన తొరపల్లి ఇల్లు ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వం చూసుకునే స్మారకం. సాదాసీదా ఇల్లు. ఫొటోలు ఉన్నాయి, చూసే మనిషి ఉన్నాడు, పిల్లల్ని తీసుకుని టీచర్లు వస్తారు. కలెక్టరు గారి కోట పడిపోయింది, మునసబు గారి ఇల్లు నిలబడింది. కోట గోడలే మందం, అందులో సందేహం లేదు. ఇంటిని మాత్రం ఊరు తనదనుకుంది.

ఇక పనిలోకి వస్తాను. మూడు సంగతులు.

ఒకటి. ఇంకా మిద్దె ఇళ్లు ఉన్నవాళ్లు వానలకు ముందే ఒకసారి పైకి ఎక్కండి. నీళ్లు పోయే తూముల్లో ఆకులు తీసేయండి. రావి, మర్రి మొక్క కనిపిస్తే వేరుతో సహా తీసి, ఆ బీటను సున్నంతోనే పూడ్చండి. సిమెంటు పూద్దామనే మేస్త్రీకి మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించేయండి. కొన్న సున్నాన్ని నీళ్లలో నానబెట్టి ఎంత మగ్గనిస్తే అంత మంచిది.

రెండు. గచ్చుపని, గానుగసున్నం పని తెలిసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని పాళ్లు రాసుకోండి. సున్నానికి ఇసుక ఎంత, కరక్కాయ ఎన్ని రోజులు నానాలి, బెల్లం ఎప్పుడు పడాలి, ఏ చెరువు ఇసుక మంచిది. వాళ్లు చెప్పే మాటల్లోనే రాసి నాకు పంపండి. తెలుగైనా, తమిళమైనా, కన్నడమైనా సరే, మనకు మూడూ ఇంటి భాషలే.

మూడు. హోసూరులో పాత కుటుంబాలవాళ్లు ఇంట్లో ఆల్బములు వెదకండి. పెళ్లి ఫొటో, బడి గ్రూప్ ఫొటో, ఆటల పోటీ ఫొటో, ఏదైనా సరే, వెనక కాజిల్ గోడగానీ బురుజుగానీ కనిపిస్తే దాన్ని నకలు తీయించి పంపండి. అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ఏ ఏడు తీసిందో, ఎక్కడ నిలబడి తీసిందో తెలిసినంత రాయండి. పది ఫొటోలు చేరినా, వాటిని పక్కపక్కన పెట్టి ఏ గోడ ఏ గోడకు ఆనుకుని ఉండేదో ఒక పటం గీయించవచ్చు. పటం గీసే పిల్లలు మన ఊరి కాలేజీల్లోనే ఉన్నారు.

చంద్రగిరి పోయేవాళ్లకు ఒక మాట. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్ప ఎప్పుడైనా పోండి. డెంకణికోట అమ్మా, మీ అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు మీరే తీసుకుపోండి. విలానూఫ్‌లో చూసినవాటికి సాటి వచ్చేవి ఏమి చూశాడో, రానివి ఏమి చూశాడో వాణ్ణే రాయమనండి. వచ్చే ఉత్తరంలో అది వేద్దాం.


మీ ఉత్తరాల మనిషి